మద్దిలేటన్న కట్టిన పావుకోడు

మొన్న నా ఫోను మొండికేసింది. అవతలివాళ్ళ మాట నాకు వినిపిస్తుంది, నా మాట మాత్రం అవతలికి పోదు. మా ఇంట్లో ఇంతమంది కలిసి నా నోరు మూయించలేకపోయారు, ఈ అరచేయంత ముక్క వల్ల అవుతుందా అని దాన్ని పట్టుకుని నంద్యాల గాంధీ చౌక్ దగ్గర సెల్లు రిపేరు చేసే అతని దగ్గరికి పోయాను. అతను దాన్ని విప్పి, సన్నటి కడ్డీ ఒకటి కాచి, లోపల ఎక్కడో చుక్కంత సీసం పెట్టాడు. చుర్రుమని చిన్న పొగ లేచింది. సగం సాంబ్రాణిలా, సగం కాలిన తీగలా ఉండే ఆ వాసన ముక్కుకు తగలగానే నేను ఆ అంగట్లో లేను. ఆళ్ళగడ్డ బస్టాండు పక్క సందులో, మద్దిలేటన్న మైకుసెట్టు అంగట్లో, కాళ్ళు విరిగిన బెంచీ మీద కూర్చుని ఉన్నాను. "ఏదన్నా మాట్లాడమ్మా, టెస్టు జేస్తా" అని రిపేరతను ఫోను నా నోటి దగ్గర పెట్టాడు. "ఉప్పు, పప్పు, చింతపండు" అన్నాను. అతను నవ్వాడు. "అందురూ హలో అంటారు. నువ్వేందమ్మా, అంగడి సామాన్లు జెప్తాండావు?" అన్నాడు.

ఆ సామాన్లు మద్దిలేటన్నవి. మైకు కట్టిన ప్రతిచోటా ఆయన మొదట పలికే మాటలు అవే. అహోబిలం తిరునాళ్ళయినా, పల్లెలో పెళ్ళయినా, నాటకమయినా, మైకు గొట్టాల్లోంచి ముందు ఉప్పూ పప్పూ చింతపండూ ఊరంతా వినిపించేవి. పిల్లకాయలు వెనక నుంచి "బెల్లం" అని అరిచేవాళ్ళు. ఒకసారి నేనే అడిగాను, అందరిలాగా హలో అనొచ్చు కదన్నా అని. "హలోలో ఏముంది పాపా, గాలి. 'ప' అంటే మైకు పేలగూడదు, 'చ' అంటే చీలగూడదు. చింతపండు సరిగ్గా పలికిందంటే ఇంగ ఏ పద్యమైనా పలుకుతాది" అన్నాడు. పొడుగ్గా, ఎండిన కందికట్టెలా ఉండేవాడు. భుజం మీది తువ్వాలు నిండా సీసం చుక్కలు పడి కాలిన బొక్కలు. కోపం ముక్కు మీదే ఉండేది. ఒక్క గుణం మాత్రం అందరూ ఎరుగుదురు: ఆయన తప్పు చేయడు. ఫ్యూజు పోతే కరెంటోళ్ళ తప్పు, గొట్టం గురగురమంటే గాలి తప్పు, తీగ తెగితే ఎలుక తప్పు. ఆయన భార్య ఓబులమ్మ వదిన పొయ్యి దగ్గర నుంచే అందుకునేది. "మా ఆయప్ప పుట్టినకాడి నించి ఒక్క తప్పు గూడా జేయల్యా. నన్ను జేసుకునేది తప్ప" అని. ఆయన విననట్టు సీసం కరిగించుకునేవాడు.

నా సంగతి కూడా చెప్పాలి. నేను పద్యనాటకాల్లో ఆడవేషాలు కట్టేదాన్ని. రాణి, దేవకన్య, మునిపత్ని, ఏదైనా సరే. నంద్యాల నుంచి బస్సెక్కి ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి ఆడాను. నేనూ మా అమ్మా, ఇద్దరి కడుపులకూ నా గొంతే ఆధారం. మా సీమలో పద్యం పాడితే సరిపోదు. పద్యం అయిపోయాక చివరి అక్షరం మీద రాగం ఎత్తుకోవాలి. ఎంత దూరం తీసుకుపోతే అంత గొప్ప. నేల మీద కూర్చున్న జనం ఆ రాగంతో పాటు మెడలు సాచి, అది దిగగానే "ఒన్స్ మోర్" అని అరవాలి. ఆ అరుపు లేకపోతే ఆ వేషానికి మర్యాద లేదు. ఏ ఊరికి ఎవరిని పిలవాలో ఆ అరుపే చెప్తుంది. అలాంటిది, ఒక చలికాలం నాకు నిమ్ము చేసింది. దగ్గు పట్టుకుని ఒక పట్టాన వదల్లేదు. జ్వరం తగ్గి లేచాక మాట బాగానే వచ్చింది కానీ, రాగం పైకి ఎత్తితే మధ్యలో ఊపిరి చాలక పుటుక్కున తెగిపోయేది.

ఆత్మకూరులో ఆడినప్పుడు అదే జరిగింది. రాణి వేషంలో నిలబడి, పద్యం చివర రాగం ఎత్తాను. సగం దూరం పోయాక గొంతు తెగింది. హార్మోనియం ఒక్కటే ముందుకు పోయింది, నేను లేను. ఎవడో ఈల వేశాడు. "రాణికి కషాయం పట్టండప్పా" అని ఇంకొకడు అరిచాడు. నవ్వులు. ఆ నవ్వుల్లో నిలబడి మిగతా వచనం చెప్పి లోపలికి వచ్చాను. నాటకాల కాంట్రాక్టరు రంగు తుడుచుకుంటున్న నా దగ్గరికి వచ్చి, మొహం పక్కకు పెట్టుకుని చెప్పాడు. "రత్నమ్మా, ఇంగ నువ్వు చెలికత్తె వేషం ఏసుకో. దాంట్లో పద్యాల్యావు." ఒక పద్యం కూడా లేని వేషం. పిలుపులు కూడా తగ్గుతాయని ఇద్దరికీ తెలుసు. ఆ ఆటకు మైకు కట్టింది మద్దిలేటన్నే. గొట్టాలు దించుతూ, నన్ను చూడకుండానే, "రేపు పొద్దున అంగడికి రా" అన్నాడు.

పోయాను. బల్ల మీద, సూట్‌కేసంత పెట్టె ఒకటి పొట్ట విప్పుకుని పడి ఉంది. అహోబిలం తిరునాళ్ళకు ఎక్కడి నుంచో పాటకచేరీవాళ్ళు వచ్చారట. వాగు దాటేటప్పుడు జీపు కుదుపుకి ఆ పెట్టె నీళ్ళలో పడిందట. ఇంక ఇది పనికిరాదని వాళ్ళు దాన్ని అక్కడే వదిలేసిపోతే, మద్దిలేటన్న చంకన పెట్టుకుని తెచ్చుకున్నాడు. లోపల బురద, తుప్పు, చచ్చిన పురుగులు. "ఏందన్నా ఇది?" అన్నాను. "ఎకో పెట్టె. నువ్వు ఒకతూరి అంటే అది మల్లా మల్లా అంటాది" అన్నాడు. "మా అమ్మ మాదిరి" అన్నాను. ఓబులమ్మ వదిన పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. పెట్టెను ముందుకు లాగి నాకు చూపించాడు. గోధుమరంగు టేపు ఒకటి, రెండు కొసలూ అతికించి దండలా చేసి, చిన్న చక్రాల చుట్టూ తిప్పారు. ఒకచోట మన మాట ఆ టేపు మీదికి ఎక్కుతుంది. టేపు కాస్త ముందుకు తిరిగాక ఇంకొకచోట ఉన్న ముక్క దాన్ని చదివి వినిపిస్తుంది. ఈ రెంటి మధ్య టేపు నడిచే దూరమే ఎకో. ఇంత చిన్న సంగతికి ఇంత పెట్టె ఎందుకా అనిపించింది నాకు.

కొన్ని వారాలపాటు ఆయన ఆ పెట్టెతో కాపురం చేశాడు. తిట్టేవాడు, బుజ్జగించేవాడు, అలిగి బయటికి పోయి బీడీ కాల్చుకుని మళ్ళీ వచ్చేవాడు. మోటారు బెల్టు సాగిపోతే సైకిలు ట్యూబు నుంచి సన్నగా ఉంగరంలా కోసి వేశాడు. టేపును బ్లేడుతో ఏటవాలుగా కోసి అతికించాడు. తిన్నగా కోస్తే అతుకు దగ్గర టక్కుమంటుందట. ఎట్టకేలకు ఒకరోజు చక్రాలు తిరిగాయి. మైకు నా చేతికిచ్చి ఏదన్నా అనమన్నాడు. ఏమనాలా అని నోరు తెరిచేసరికి నాకు దగ్గొచ్చింది. పెట్టె దగ్గింది. మళ్ళీ దగ్గింది. పోతూపోతూ ఇంకోసారి సన్నగా దగ్గింది. ఆత్మకూరులో ఈలలు విన్నప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది నాకు. నా దగ్గు అంత దిక్కుమాలినదిగా ఉంటుందని అంతవరకూ నాకు తెలియదు. ఓబులమ్మ వదిన వచ్చి నా చేతిలోంచి మైకు లాగేసి, మిరియాల పాలు పెట్టింది. "దగ్గు గూడా బాగా పలుకుతాంది" అన్నాడు మద్దిలేటన్న, పెట్టెను మెచ్చుకుంటూ. ఆయన ఓదార్పులు అలాగే ఉండేవి.

అయితే ఆ పెట్టె నడిచినా ఆయనకు నచ్చలేదు. ఓబులమ్మ వదినది అహోబిలం దగ్గరి పల్లె. ఒకరోజు ఆమె పుట్టింటికి పోతుంటే నన్నూ బస్సెక్కించుకుపోయారు. ఎగువ అహోబిలం దారిలో, రెండు కొండల మధ్య లోయలాంటి చోట నిలబెట్టి, "అరువు" అన్నాడు. "ఏమని?" అన్నాను. "నీ ఇష్టం." "ఓ వదినా" అని అరిచాను. పక్కనే ఉన్న ఆమె ఉలిక్కిపడింది. నా అరుపు ఆగింది, గాలి కదిలింది, ఆ తర్వాత కొండ నింపాదిగా "ఓ వదినా" అంది. మద్దిలేటన్న మొహం వెలిగిపోయింది. "ఇన్న్యావా? నువ్వు ఆపినాకనే కొండ పలికింది. ఆ పెట్టెకు దూకుడెక్కువ. మనిషి మాట్లాడతాంటే మాట మీద మాట ఏస్తాది. దానికి మర్యాద నేర్పాల" అన్నాడు. తిరిగొచ్చి, టేపును చదివే ఆ ముక్క కూర్చునే రేకును ఆకురాయితో అరగదీసి గాడి చేశాడు. ఆ ముక్కను వెనక్కి జరిపి బిగించాడు. టేపు అక్కడిదాకా నడవడానికి ఇంకాస్త సమయం పట్టేది. అప్పటినుంచి పెట్టె మన మాట పూర్తికానిచ్చి పలికేది. యంత్రానికి మర్యాద నేర్పిన మనిషిని నేను ఆయనొక్కణ్ణే చూశాను.

ఆ తర్వాత నాకు అసలు సంగతి చెప్పాడు. పద్యం మొదలుకాగానే ఆయన తన బల్ల దగ్గర పెట్టె తెరుస్తాడు, వచనం రాగానే మూస్తాడు. కానీ చివరి రాగంలో నాకు ఊపిరి ఎక్కడ చాలదో అక్కడ ఎకో నిండుగా రావాలి. అది నా రాగాన్ని మోస్తుంటే నేను ఆ చాటున గాలి పీల్చుకుని మళ్ళీ అందుకోవాలి. "నీ ఊపిరి యాడ తెగుతాదో ఆడ కూచున్న నాకేం తెల్సు? నీకే తెలుస్తాది. నువ్వే నొక్కుకో" అన్నాడు. నొక్కడానికి ఆయన చేసింది చూసి నేను నోరు తెరిచాను. మా నాటకాల పెట్టెలో ముని వేషానికి కాళ్ళకు తొడిగే చెక్క పావుకోళ్ళు ఉండేవి. వాటిలో ఒకటి పగిలి జత తప్పి పడి ఉంటే, దాని అడుగు తొలిచి, ఇంటి గుమ్మానికి పెట్టే గంట స్విచ్చి బిగించాడు. దాని తీగ వేదిక కింద నుంచి పెట్టె దాకా పోతుంది. ముందు వరసలో ఉన్నవాడు చూసినా, ఏదో మునిగారి పావుకోడు పడి ఉంది అనుకుంటాడంతే. గడివేములలో ఆట ఉన్న రోజు సీసం పెట్టి అతుకులు పూర్తి చేసేసరికి ఆళ్ళగడ్డలో కరెంటు పోయింది. "ఒకసారి చూసుకోకుండా ఎట్లన్నా?" అన్నాను. "నేను గట్టినాక చూసేదేంది?" అని కసిరి, సామానంతా బస్సు మీదికి ఎత్తించాడు.

గడివేములలో, దొరక్క దొరక్క దొరికిన రాణి వేషం. పద్యం చివరికి వచ్చాను. రాగం ఎత్తాను. ఊపిరి చాలని చోటు నాకు ముందే తెలుసు, చీకట్లో మెట్టు తెలిసినట్టు. అక్కడికి రాగానే కుడికాలితో పావుకోడును నొక్కి పట్టాను. ఇంక భయం లేదు, మోసేది వెనకుంది అనుకున్నాను. భయం లేకపోయేసరికి తొందర లేదు. తొందర లేకపోయేసరికి సన్నగా, ఎవరికీ తెలియకుండా, కావలసినంత గాలి తీసుకున్నాను. రాగం నడిచింది. దూరంగా వేపచెట్టుకు కట్టిన గొట్టం నుంచి నా గొంతు కాస్త ఆలస్యంగా తిరిగి వస్తుంటే, ఆహా, పెట్టె పలుకుతోంది అనుకున్నాను. రాగం దించాను. "ఒన్స్ మోర్!" ఎన్నాళ్ళకు విన్నాను ఆ మాట! ఆట అయ్యాక పరుగెత్తుకుపోయి మద్దిలేటన్న కాళ్ళు పట్టుకున్నాను. "నీ పెట్టె నన్ను బతికించిందన్నా" అన్నాను. ఆయన మొహం నిండా చెమట. తువ్వాలుతో తుడుచుకుని, నా వైపు చూడకుండా, "ఊ, ఊ. పావుకోడు జాగర్త, తీగ తెగుతాది" అన్నాడు. మెప్పుకోలుకు మొహమాటపడుతున్నాడనుకున్నాను.

ఆ తర్వాత వరసగా ఆడాను. ప్రతి ఆటలోనూ నొక్కాల్సిన చోట నొక్కేదాన్ని. ఆ మధ్య రోజుల్లో ఉదయం పూట నన్ను అంగడికి పిలిపించి, వెనక వాకిట్లో నిలబెట్టి రాగం సాధన చేయించేవాడు. ఆయనకు సంగీతం రాదు. సీసం పెట్టుకుంటూ వినేవాడు, గొంతు బిగిస్తే "తీగ బిగుసుకుంటాంది, వదులు జెయ్" అనేవాడు. పెట్టె పెట్టన్నా అంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "టేపు అరుగుతాది" అనేవాడు. పిసినారితనం అనుకుని నేను వదినతో కలిసి వెనక నవ్వుకునేదాన్ని. ఇంతలో మంచి కబురొచ్చింది. ఆళ్ళగడ్డలోనే పెద్ద ఆట పెట్టారు. నన్ను చెలికత్తెను చేసిన ఆ కాంట్రాక్టరే దానికీ కాంట్రాక్టరు. మధ్యలో ఆటలు బాగా పోయాయని విని, రాణి వేషం నాకే ఇచ్చి చూద్దామన్నాడట. ఇది నిలబెట్టుకుంటే ఆ ఏడంతా నాకు ఢోకా లేదు. పోగొట్టుకుంటే ఇంకెవరూ పిలవరు.

ఆటకు ముందురోజు మధ్యాహ్నం అంగడికి పోయాను. మద్దిలేటన్న ఏదో పల్లెకు గొట్టాలు తెచ్చుకోవడానికి పోయాడు. వదిన వెనకాల వడియాలు పెడుతోంది. బల్ల మీద పెట్టె కొత్త టేపుతో సిద్ధంగా ఉంది, పావుకోడు తగిలించే ఉంది. అరిగితే అరిగింది, ఒక్కసారి పాడుకుందామని స్విచ్చి వేసి, మైకు పట్టుకుని రాగం ఎత్తాను. పెట్టె చక్కగా, మర్యాదగా, నా వెనక పలికింది. ఊపిరి చోటు వచ్చింది. పావుకోడు నొక్కాను. ఎకో పోయింది. నొక్కింది వదిలాను. వచ్చింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ పోయింది. నా గొంతొక్కటే, బోసిగా. నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. నొక్కితే వచ్చేటట్టు కట్టాల్సిన తీగను, నొక్కితే పోయేటట్టు కట్టాడు మహానుభావుడు. ఇన్ని ఆటల్లోనూ, సరిగ్గా నాకు సాయం కావలసిన చోట, నా కాలితో నేనే ఆ సాయాన్ని తొక్కేసుకున్నాను.

ఆయన గొట్టాలు భుజాన వేసుకుని వచ్చేసరికి నేను గుమ్మంలోనే నిలబడ్డాను. "తప్పు గట్టినావన్నా!" అన్నాను. ఆయన గొట్టాలు దించాడు. "ఎవరు, నేనా? నేను తప్పు గడతానా? కావాలనే గట్టినా" అన్నాడు. "కావాలనే? నా గొంతు తెగిపోయింటే?" "తెగిందా?" "తెగింటే?" "తెగల్యా గదా, ఇంగేంది నీ బాధ?" నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. నన్ను అడగకుండా నా గొంతుతో ఆడుకోవడానికి నువ్వెవరు అన్నాను. తిట్టీ తిట్టీ అలిసిపోయి ఏడ్చాను. కోపం పోయాక మిగిలింది భయం. ఇన్నాళ్ళూ వెనక ఏదో ఉందన్న ధైర్యంతో పాడాను. లేదని తెలిసిపోయింది. "రేపు నేను పాడలేనన్నా" అన్నాను. ఆయన బల్ల దగ్గర కూర్చుని, పావుకోడు విప్పి, స్విచ్చి మార్చి, మళ్ళీ సీసం పెట్టాడు. నా ఎదుటే నొక్కి చూపించాడు. ఎకో వచ్చింది. వదిలాడు, పోయింది. "ఇప్పుడు నొక్కితే వస్తాది. ఒట్టు. ఇంగ నీ ఇష్టం పాపా" అన్నాడు.

ఆళ్ళగడ్డ ఆటలో జనం ఇసుక వేస్తే రాలనంతమంది. కాంట్రాక్టరు పక్క తెర దగ్గరే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. అడవిలో ఒంటరిగా మిగిలిన రాణి పద్యం నాది. చివరి రాగం ఎత్తాను. గొంతు బిగుసుకుంటోందని నాకే తెలుస్తోంది. ఊపిరి చోటు వచ్చింది, పావుకోడు నొక్కాను. వచ్చింది! ఒట్టు వేసినట్టే, నిండుగా, అలలు అలలుగా వచ్చింది. నా గొంతు మీద నా గొంతే వచ్చి పడుతోంది. నేను చిన్నగా ఒక జీర పలికిస్తే, దాని మీద ఇందాకటి స్వరం వచ్చి కప్పేస్తోంది. రాణి ఒంటరిగా ఉండాలి కదా, ఈ పక్కన పాడుతున్నదెవరు అనిపించింది. చిరాకేసింది నాకు, నిజంగా చిరాకేసింది. కాలు దానంతట అదే పైకి లేచింది. ఎకో పోయింది. ఆ నిశ్శబ్దం నాకు తెలిసిన నిశ్శబ్దమే. ఇన్ని ఆటల్లోనూ నేను పాడింది దాంట్లోనే. గాలి తీసుకున్నాను. నిమ్ము తర్వాత గొంతులో మిగిలిపోయిన ఆ బొంగురుతోనే రాగాన్ని పైకి తీసుకుపోయి, తిప్పి, మెల్లగా నేల మీదికి దించాను. "ఒన్స్ మోర్" అని మొదట అరిచింది ఆడవాళ్ళ వైపు నుంచి. రెండోసారి ఎత్తుకునే ముందు పావుకోడును కాలివేళ్ళతో వెనక్కి నెట్టేశాను. బల్ల వైపు చూశాను. మద్దిలేటన్న రెండు చేతులూ కట్టుకుని, ఏ పనీ లేనివాడిలా కూర్చుని ఉన్నాడు.

కాంట్రాక్టరు మళ్ళీ చెలికత్తె మాట ఎత్తలేదు. వేషాలు వచ్చాయి, చాలా ఏళ్ళు ఆడాను. తర్వాత పెళ్ళి చేసుకున్నాను, పిల్లలు పుట్టారు. ఊళ్ళల్లోకి టీవీలూ వీడియోలూ వచ్చాక నాటకాలు పలచబడ్డాయి. ఎనభైల చివర్లో మద్దిలేటన్నకు చేతులు ఒణకడం మొదలైందని తెలిసి చూడబోయాను. సీసం కడ్డీ పట్టుకోలేకపోతున్నాడు. అంగడి సగం ఖాళీ. ఎకో పెట్టె మీద దుమ్ము. చాలాసేపు అవీ ఇవీ మాట్లాడాడు. లేవబోతుంటే ఆగమని, గూట్లోంచి పావుకోడు తీసి, ఒణికే చేతులతో నా ఒళ్ళో పెట్టాడు. అప్పుడు, నేను అడగకుండానే చెప్పాడు.

"గడివేములలో తప్పే పాపా. కావాలని కట్టల్యా. గంట స్విచ్చి గదా, నొక్కితే మోగుతాదనే గట్టినా. ఆ పెట్టెది తిరగబడిన గుణమని నాకు తెల్దు. నువ్వు నొక్కినావు, ఎకో పోయింది. నా పై ప్రాణాలు పైన్నే పోయినాయి. నీ గొంతు తెగితే చంపినోన్ని నేనే అనుకుంటా పెట్టె మీద చెయ్యేసుకోని కూచున్యా. తీగ పీకేస్తే ఎకో వస్తాది. పీకబోయినా. తెగల్యా నీ గొంతు. అది పోతానే ఉంది, పోతానే ఉంది. పీకల్యా." కొంచెంసేపు ఊపిరి తీసుకున్నాడు. "మొదటి ఆట తప్పు. రెండో ఆట నుంచి తప్పు గాదు."

పొయ్యి దగ్గర ఓబులమ్మ వదిన చేతిలో గరిటె ఆగిపోయింది. "ఓబులేశా! ఇన్నేండ్లకు ఈ మనిషి నోట్లో నుంచి తప్పు అనే మాట ఇన్న్యా" అని నవ్వబోయి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను ఆయన ఒణుకుతున్న చేతులు పట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాతి ఎండాకాలం దాటకుండానే ఆయన పోయాడు. నాకంటే ముందు నా గొంతును నమ్మినవాడు ఇంకొకడు నాకు దొరకలేదు.

ఇప్పుడు నా దగ్గరికి పద్యాలు నేర్చుకోవడానికి పిల్లలూ పెద్దవాళ్ళూ వస్తారు. అందరి ఫోనుల్లోనూ ఎకో ఉంది, వేలితో తాకితే చాలు. వద్దని నేను చెప్పను. చెప్తే వింటారా? రాగం చివర ఊపిరి చాలని చోటికి వచ్చి వాళ్ళు భయపడుతుంటే మాత్రం, "తీగ బిగుసుకుంటాంది, వదులు జెయ్" అంటాను. ఆ పావుకోడు మా ఇంట్లో అద్దం కింద ఉంది. ఇంటికొచ్చినవాళ్ళు ఏ స్వామివారిదో అనుకుని దానికి దండం పెట్టుకుంటారు. నేను కాదనను.

మొన్న ఆ రిపేరతను ఫోను బిగించి, తన ఫోనుకు కలిపి, "ఇంగోసారి మాట్లాడమ్మా, గట్టిగా" అన్నాడు. ఉప్పూ పప్పూ అయిపోయాయి కదా అని, నోటికొచ్చిన పద్యం ఎత్తుకున్నాను. అంగడి ముందు ఇద్దరు ముగ్గురు ఆగారు. చివర రాగం కొంచెం పైకి పోయింది, ఈ వయసులో ఎంత పోతుందో అంత. దించాక చూస్తే అతను నా కాళ్ళ వైపు చూస్తున్నాడు. నా కుడికాలు అంగడి బండ మీద గట్టిగా అదిమి ఉంది.

"ఏందమ్మా, అట్ల తొక్కి పట్టుకున్యావు? కింద ఏమన్నా ఉండాదా?" అన్నాడు.

"ఏమీ ల్యాదప్పా" అన్నాను. "అట్లనే గట్టినాడు మా అన్న."